కూలగొట్టే ముందు రాసి పెట్టుకుందాం

సంపాదకులు గారికి నమస్కారం.

గత నెలలో మా ఊరి లాకుల దగ్గరున్న పాత బంగళాను కూలగొట్టేశారు. పొద్దున్న 8 గంటలకు జేసీబీ వచ్చిందట, భోజనాల వేళకి నేల చదునైపోయింది. నేను ఆ రోజు అమలాపురం వెళ్ళి మధ్యాహ్నం బస్సు దిగి కాలవ గట్టు మీద నడిచి వస్తున్నాను, ఏదో వెలితిగా అనిపించి ఆగిపోయాను, ఏంటా అని చూస్తే రావిచెట్టు వెనక ఎప్పుడూ కనిపించే పెంకుల కప్పు లేదు. మట్టిలో టేకు కిటికీ రెక్క ఒకటి పడి ఉంది. దాన్ని కూడా సాయంత్రానికి ఎవరో తీసుకుపోయారు.

అది ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అని అడిగాను. పని చేయిస్తున్న కాంట్రాక్టరుకి తెలియదు. సంబంధిత ఆఫీసుకి వెళ్ళి అడిగితే దాని మీద ఫైలేమీ లేదన్నారు. ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే "దొరల కాలం నాటిదమ్మా" అన్నారు, అంతకుమించి ఎవరూ చెప్పలేకపోయారు. నేను 31 ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను, రోజూ ఆ బంగళా ముందు నుంచే బడికి వెళ్ళాను, నా దగ్గర కూడా దాని ఫోటో ఒక్కటి లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం ఆ బంగళాను మళ్ళీ కట్టమని అడగడానికి కాదు. అలాంటివి ఇంకా మన గోదావరి డెల్టాలో వందల్లో ఉన్నాయి కాబట్టి, అవి పోయేలోపల ఒక పని చేద్దామని అడగడానికి.

ఈ ఆలోచన నాకు ఎక్కడ వచ్చిందో చెప్పాలి. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి పురుటికని ఇంగ్లండు వెళ్ళి ఐదు నెలలు ఉన్నాను. వాళ్ళు ఉండేది సర్రే అనే కౌంటీలో, గిల్డ్‌ఫర్డ్ ఊళ్ళో. కౌంటీ అంటే మనకి జిల్లా లాంటిది అనుకోవచ్చు. మనవడిని బండిలో పడుకోబెట్టి పొద్దున్నే నది పక్కన నడిచేదాన్ని. ఆ నది పేరు వే. రెండో రోజో మూడో రోజో నడుస్తుంటే ఎదురుగా లాకులు కనిపించాయి. నేను నిజంగానే అక్కడ నిలబడిపోయాను. అవే చెక్క తలుపులు, అవే పొడుగాటి దూలాలు, మనిషి వీపు ఆనించి తోస్తే తెరుచుకునేవి. పడవ లోపలికి రాగానే తలుపు మూసి, నీళ్ళు నింపి, పైకి లేపి వదలడం. మా చిన్నప్పుడు కాలవలో ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు వెళ్ళేటప్పుడు చూసినదంతా కళ్ళ ముందు తిరిగింది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ నదిని పడవలకి అనువుగా లాకులు కట్టి తెరిచింది 1653లో. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, అంటే దానికి 199 ఏళ్ళ ముందన్నమాట. రిచర్డ్ వెస్టన్ అనే భూస్వామి మొదలుపెట్టాడు, పని పూర్తవకుండానే పోయాడు. తర్వాత దాన్ని గోడాల్మింగ్ అనే ఊరి దాకా పొడిగించారు, మొత్తం 32 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. అక్కడా మనకి జరిగినట్టే జరిగింది, రైలు వచ్చింది, రోడ్డు వచ్చింది, సరుకు పడవలు తగ్గిపోయాయి. తేడా ఎక్కడ వచ్చిందంటే, దాని యజమాని 1964లో గిల్డ్‌ఫర్డ్ దాకా ఉన్న కాలవని నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చేశాడు, గోడాల్మింగ్ భాగం కూడా 1968లో ఆ సంస్థకే చేరింది. 1895లో మొదలైన సంస్థ అది, ప్రజల తరఫున పాత కట్టడాలనీ భూములనీ కాపాడుతుంది. ఈ రోజుకీ లాకులు పని చేస్తున్నాయి. గిల్డ్‌ఫర్డ్‌లో పాత పడవల రేవు ఒకటుంది, డాప్‌డ్యూన్ వార్ఫ్ అంటారు. అక్కడ రిలయన్స్ అనే పాత సరుకు పడవని ఒడ్డుకి చేర్చి ఉంచారు, లోపలికి దిగి చూడొచ్చు. అంత పెద్ద పడవా అని కాదు, అలాంటివి మా తాతయ్యల కాలంలో మన కాలవల్లో వందలు తిరిగాయి, ఒక్కటైనా మనం అలా నిలబెట్టుకున్నామా అని నా బాధ.

ఆ ఊరికి పక్కనే షాల్‌ఫర్డ్ అనే పల్లెలో నీటితో తిరిగే పాత పిండి మర ఒకటి ఉంది. ఇటుకా కలపా కలిపి కట్టింది, గోడలకి కూడా పెంకులు వేలాడదీసినట్టు బిగించి ఉంటాయి, సర్రేలో పాత ఇళ్ళు చాలా అలాగే ఉంటాయి. దాని కథ విన్న రోజు నేను ఇంటికొచ్చి అల్లుడికి రెండుసార్లు చెప్పాను. 1930ల మొదట్లో ఆ మర శిథిలమై పడిపోయే స్థితిలో ఉందిట. అప్పటికే ముఠాగా ఏర్పడి, ఫెర్గూసన్ గ్యాంగ్ అని పేరు పెట్టుకున్న కొంతమంది యువతులు డబ్బు పోగు చేశారు. అసలు పేర్లు ఎవరికీ చెప్పలేదు. బిల్ స్టిక్కర్స్, రెడ్ బిడ్డీ లాంటి మారు పేర్లు. ముఖానికి ముసుగు వేసుకుని నాణేల మూట తెచ్చి నేషనల్ ట్రస్ట్ ఆఫీసులో ఇచ్చి వెళ్ళిపోయారు. మర యజమానిని ఒప్పించి 1932లో దాన్ని ట్రస్టుకి ఇప్పించారు, బాగు చేయించారు. వాళ్ళలో చాలామంది ఎవరో దశాబ్దాల పాటు లోకానికి తెలియలేదు. వాళ్ళు మంత్రులు కాదు, ఇంజినీర్లు కాదు. పేరు కోసం చేసిన పని అయితే అసలే కాదు, పేరే చెప్పలేదు కదా.

అయితే నేను ఎక్కువగా ఆలోచించింది డబ్బు గురించి కాదు. మా అమ్మాయి వాళ్ళ వీధి చివర ఒక చిన్న ఇల్లు ఉండేది. గొప్ప ఇల్లేమీ కాదు, రెండంతస్తులు, ఎర్ర ఇటుక. ఆ ఇంటావిడకి కిటికీలు మార్చుకోవాలని ఉందిట, చలి లోపలికి వస్తోందని. మార్చుకోవడానికి వీల్లేదు, కౌన్సిల్ అనుమతి కావాలి, ఎందుకంటే ఆ ఇల్లు లిస్టులో ఉంది. ఏం లిస్టు అని అడిగితే మా అమ్మాయి ఫోనులో చూపించింది. దేశంలో ఉన్న చారిత్రక కట్టడాలన్నీ ఒక జాబితా, దాదాపు 4 లక్షల నమోదులు. ఎవరైనా డబ్బు కట్టకుండా చూసుకోవచ్చు. ప్రతి దానికీ ఒక నంబరు, ఏ రోజు చేర్చారో తారీఖు, మూడు స్థాయిల్లో ఏదో ఒకటి, కింద వివరం. ఆ చిన్న ఇంటి గురించి రాసింది నాలుగైదు వాక్యాలే, ఏ శతాబ్దంలో కట్టారు, ఎన్ని అంతస్తులు, కప్పు దేనితో వేశారు, ఎన్ని కిటికీలు, తలుపు ఎలా ఉంది. అంతే. ఆ నాలుగు వాక్యాల వల్ల ఆ ఇంటిని అనుమతి లేకుండా ముట్టుకుంటే అక్కడ నేరం.

ఈ జాబితా పుట్టిందే ఒక పెద్ద నష్టంలోంచి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి ఊళ్ళు కూలిపోతుంటే, దెబ్బతిన్న వాటిలో ఏవి నిలబెట్టాలి, ఏవి తీసేయొచ్చు అని తేల్చుకోవడానికి జాబితాలు రాయడం మొదలుపెట్టారు. యుద్ధం అయ్యాక 1947 చట్టంతో అది పక్కాగా దేశమంతా అమల్లోకి వచ్చింది. 1700 కంటే ముందు కట్టి, అసలు రూపం చాలావరకు మిగిలిన కట్టడాలు దాదాపు అన్నీ జాబితాలో ఉంటాయి. 1700 నుంచి 1850 దాకా కట్టినవి కూడా ఎక్కువ భాగం ఉంటాయి. కోటలూ చర్చిలే అనుకోకండి, మరలు, లాకులు, పల్లెటూరి ఇళ్ళు, చివరికి ఎర్ర టెలిఫోన్ పెట్టెలు కూడా ఉన్నాయి. పై స్థాయి, అంటే గ్రేడ్ 1, మొత్తంలో రెండున్నర శాతమే. మిగతావన్నీ ఇలాంటి మామూలు కట్టడాలే ఎక్కువ.

మరో సంగతి కూడా నాకు మర్చిపోలేనిది. అదే సర్రేలో వోకింగ్ అనే ఊళ్ళో ఒక మసీదు ఉంది, 1889లో కట్టింది. బ్రిటన్‌లో మసీదు కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి కట్టడం అది. డబ్బు ఇచ్చినవాళ్ళలో ముఖ్యురాలు మన దేశపు భోపాల్ బేగం షాజహాన్, అందుకే దాన్ని షాజహాన్ మసీదు అంటారు. చిన్నది, పచ్చ గుమ్మటం, చూడ ముచ్చటగా ఉంటుంది. 2018లో దానికి గ్రేడ్ 1 స్థాయి ఇచ్చారు. వాళ్ళ పెద్ద పెద్ద చర్చిలకి ఇచ్చే గౌరవమే దీనికీ ఇచ్చారు. ఎవరు కట్టారు, ఏ మతం అన్నది కాకుండా ఆ నేల చరిత్రలో దానికి చోటుందా లేదా అని చూడటం నాకు చాలా నచ్చింది. మన దగ్గర కూడా యానాంలో ఫ్రెంచివాళ్ళవి, పాలకొల్లు, నరసాపురం వైపు డచ్చివాళ్ళ వ్యాపారపు గుర్తులు, దర్గాలు, మిషనరీల బడులు ఎన్నో ఉన్నాయి, మనవి కావు అనుకుని వాటిని వదిలేస్తున్నాం.

ఇక డార్కింగ్ సంగతి. సర్రేలోనే ఉన్న ఆ ఊరి పేరు మన డెల్టాలో ప్రతి పిల్లాడికీ తెలియాలి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర రిటైరయ్యాక ఉన్నది అక్కడే, 1899లో పోయింది అక్కడే, సమాధి కూడా ఆ ఊరి శ్మశానంలోనే ఉంది. అమ్మాయీ అల్లుడూ ఒక ఆదివారం తీసుకెళ్ళారు. కొండవాలు, పచ్చిక, మనుషులెవరూ లేరు. మనవాళ్ళు అప్పుడప్పుడూ వెళ్ళి పూలు పెట్టి వస్తుంటారు, మేమూ పెట్టాం. మా నాన్నగారు గోదావరి స్నానం చేసేటప్పుడు కాటన్ని తలుచుకునే శ్లోకం చదివేవారు, అది నాకు అక్కడ గుర్తొచ్చింది, పైకే చదివాను. వెనక్కి వస్తుంటే మార్టిన్ చర్చి గోపురం దూరం నుంచే కనిపించింది, 210 అడుగుల ఎత్తు. ఆ ఊరికి అదే గుర్తు.

అక్కడ అన్నీ బాగానే ఉన్నాయని చెప్పడం లేదు. అదే డార్కింగ్‌లో డీప్‌డీన్ అని గొప్ప భవనం ఉండేదట, దాన్ని 1969లో కూలగొట్టి ఆఫీసు కట్టేశారు. చట్టం వచ్చిన ఇరవై ఏళ్ళ తర్వాత సంగతి ఇది. గిల్డ్‌ఫర్డ్ దగ్గరే క్లాండన్ పార్క్ అనే 18వ శతాబ్దపు భవనం 2015 ఏప్రిల్‌లో మంటల్లో కాలిపోయింది, గోడలు మిగిలాయి. అది నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉన్న భవనమే. మన అంతర్వేది రథం 2020లో కాలిపోయినప్పుడు మనం ఎంత ఏడ్చామో అక్కడి వాళ్ళూ అంతే బాధపడి ఉంటారు. కానీ ఆ భవనంలో ఏ గదిలో ఏ పైకప్పు ఎలా ఉండేదో వాళ్ళ దగ్గర రాసి ఉంది, ఫోటోలు ఉన్నాయి. మా లాకుల బంగళాకి అదీ లేదు. కట్టడం పోవడం ఒక నష్టం, అది ఉండేదన్న సంగతే పోవడం దానికంటే పెద్ద నష్టం.

మన దగ్గర కాపాడుతున్నవి లేవని కాదు. ద్రాక్షారామం, బిక్కవోలు గుళ్ళు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. హేవ్‌లాక్ బ్రిడ్జి 1997లో రైళ్ళు ఆగిపోయినా ఇంకా గోదావరిలో నిలబడి ఉంది, 1900 నుంచి మోసింది అది. పి.గన్నవరం దగ్గర 1853 నాటి పాత అక్విడక్టు, 49 కమానులతో, గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలవని దాటించి కోనసీమ లంకలకి నీళ్ళు ఇచ్చింది. పక్కన కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం, మంచిదే. పాతదాని కమానుల కింద నిలబడి ఇటుకల మీద చెయ్యి వేసి చూడండి ఒకసారి, 150 ఏళ్ళకి పైగా వరద తిన్న కట్టడం అది. నా భయం ఇలాంటి పెద్దవాటి గురించి కాదు, వీటికి ఎంతో కొంత పేరుంది. లాకులు, లాకు ఉద్యోగుల ఇళ్ళు, సత్రాలు, రేవులు, పాత బడులు, మండువా లోగిళ్ళు, వీటి గురించి.

మా ఇంటి సంగతి చెప్తాను. మాది నాలుగు గదుల మండువా. గానుగ సున్నం గోడలు, మేకు కొడితే వంగిపోయేది కానీ గోడలోకి దిగేది కాదు. వాన పడితే నాలుగు వైపుల చూరు నుంచీ నీళ్ళు మండువాలోకి దూకేవి, మేం పిల్లలం గిన్నెలు పెట్టి ఆడుకునేవాళ్ళం. 1996 తుఫానుకి పెంకులు సగం ఎగిరిపోయాయి కానీ దూలం కదల్లేదు. పదేళ్ళ క్రితం అన్నదమ్ముల పంపకాల్లో అమ్మేశారు. పాత కలప కొనేవాళ్ళు లారీలో వచ్చి స్తంభాలు, ద్వారబంధాలు, గాదె తలుపు అన్నీ విప్పి పట్టుకెళ్ళారు. ఎక్కడో ఏ రిసార్టులోనో ఉండి ఉంటాయి. మా అన్నయ్యల్ని తప్పు పట్టను, ఏటా వానాకాలం ముందు పెంకులు సర్దించడానికి మనిషి దొరకడం లేదు, కోతుల బాధ, చెద, పిల్లలేమో హైదరాబాదులో. పాత ఇల్లు నిలబెట్టుకోండి అని ఎవరికైనా చెప్పే హక్కు నాకు లేదు. కానీ విప్పే ముందు రోజు ఒక్కరం కూర్చుని, ఆ ఇంటిని కట్టిన వడ్రంగి ఏ ఊరివాడు, టేకు ఏ రేవులో దిగింది అని మా పెద్దన్నయ్యని అడిగి రాసుకుని ఉంటే? ఆయనకి తెలుసు. ఇప్పుడు ఆయన కూడా లేరు.

రాసి పెట్టుకోవడం దొరల దగ్గర నేర్చుకోవాల్సిన పని కూడా కాదు. 200 ఏళ్ళ క్రితం సర్వే అధికారి మెకంజీ దొర దగ్గర పనిచేసి ఊరూరి కైఫియతులు, అంటే ఊరి చరిత్రలు, పోగుచేసినవాళ్ళు మన ఏలూరు కావలి సోదరులు. ఏ ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, అన్నీ కరణాలని అడిగి రాయించారు. ఇంగ్లండులో కౌంటీల చరిత్ర ఊరూరూ రాయాలని పెద్ద పని మొదలుపెట్టింది 1899లో, సర్రే సంపుటాలు 1902 నుంచి 1912 లోపల వచ్చాయి. అంటే మనవాళ్ళు అంతకు వందేళ్ళ ముందే ఆ పని చేశారు. మధ్యలో మనం మానేశాం.

అందుకని నేను అడిగేది ఇది. ప్రతి పంచాయతీలో ఒక రిజిస్టరు పెట్టాలి. ఊళ్ళో 75 ఏళ్ళు దాటిన కట్టడాలు ఏమున్నాయో, ఒక్కోదానికి ఒక్క పేజీ చాలు, ఎక్కడ ఉంది, ఎవరు కట్టారని చెప్పుకుంటున్నారు, గోడ దేనితో, కప్పు దేనితో, లోపల చూడదగింది ఏముంది, నాలుగు వైపుల నుంచి ఫోటోలు. హైస్కూలు పిల్లలు సెలవుల్లో చేసేస్తారు, నేను టీచరుగా చెప్తున్నాను, వాళ్ళకి ఇలాంటి పని ఇస్తే ఎంత ఉత్సాహంగా చేస్తారో. ప్రైవేటు ఇల్లయితే యజమాని సరే అంటేనే రాయాలి, ఆయన ఇష్టానికి అడ్డు చెప్పకూడదు, లేకపోతే లిస్టు పేరు చెప్తేనే జనం భయపడి ముందే కూలగొట్టేస్తారు. ప్రభుత్వానికి చెందినవైతే మాత్రం, అవి మనందరివి కాబట్టి, పడగొట్టడానికి నెల ముందు ఊళ్ళో నోటీసు అంటించాలి, ఆ నెలలో కొలతలు, ఫోటోలు తీసుకోనివ్వాలి. ఇందులో కోట్ల బడ్జెట్ ఏమీ లేదు. జిల్లా అధికారులు తలుచుకుంటే ఒక సర్క్యులర్‌తో అయిపోతుంది.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. జిల్లా పేజీలో వారానికి ఒక్క పాత కట్టడం గురించి పాఠకులు పంపిన ఫోటో, నాలుగు వాక్యాలు వేయండి. రాజమండ్రి, కాకినాడ కాదు, లోపలి ఊళ్ళవి వేయండి. ఒక ఊరివాళ్ళది చూస్తే పక్క ఊరివాళ్ళు పంపుతారు, మన గోదావరివాళ్ళ సంగతి మీకు తెలిసిందే.

నేను మా ఊళ్ళో మొదలుపెట్టాను. లాంగ్ నోటుబుక్కులో ఇప్పటికి 11 కట్టడాలు రాశాను, నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు ఫోటోలు తీస్తున్నాడు. వాటిలో ఏడోది కాలవ మీద పాత వంతెన. దాని గోడలో ఒక నల్ల రాయి పలక ఉంది, పైన ఏళ్ళ తరబడి సున్నం కొట్టీ కొట్టీ అక్షరాలు పూడిపోయాయి, వేలితో తడిమితే ఇంగ్లీషు అంకె 18 మాత్రం తగులుతోంది. తర్వాత రెండు అంకెలు అందడం లేదు. రాయి పాడవకుండా సున్నం పొర ఎలా తీయాలో తెలిసినవాళ్ళు మీ పాఠకుల్లో ఎవరైనా ఉంటే దయచేసి మీ పత్రిక ద్వారా చెప్పండి. వానలు మొదలయ్యేలోపల చదవాలని ఉంది, ఆ వంతెనకి కూడా కొత్తది మంజూరైందని అంటున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
కోనసీమ